పదకొండు గంటల అక్క

ఆనోటో బే,
8 ఫిబ్రవరి 1987

యూలలీ అక్కకి,

కవరు మీద నా చేతిరాత చూడగానే నువ్వు ముందు స్టాంపు చించి దాచుకుని, ఉత్తరం చదవాలా వద్దా అని తర్వాత ఆలోచిస్తావని తెలుసు. చదువు. తిట్టుకుంటూనైనా చదువు.

మనం మాట్లాడుకుని రెండేళ్ళు దాటింది. ఎందుకో నాకు గుర్తుంది. నాన్న పోయిన ఏడాది, అక్టోబరులో, మనవాళ్ళంతా కింగ్‌స్టన్‌లో సమాధుల కొండకి వెళ్ళినప్పుడు, ఎవరో ముసలావిడ నిన్ను చూపించి "ఈ పిల్లెవరు?" అంది. "మా అక్క" అనాల్సినదాన్ని "పదకొండు" అన్నాను. నీకు నాన్నవాళ్ళ హక్కా భాష రాదు గానీ ఆ ఒక్క మాట చిన్నప్పట్నుంచీ వింటూనే పెరిగావు. పన్నెండు గంటలు నిండని మనిషి, నాన్న వైపు సగం చైనా, మీ అమ్మ వైపు సగం నలుపు, అని. నువ్వు చేతిలో పూలు ఎవరిదో సమాధి మీద పెట్టేసి కొండ దిగిపోయావు. ఆ పూలు నాన్నకి అందలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాకు మళ్ళీ కడుపు. మూడో నెల నిండింది. ఇది మూడోసారి.

మొదటి పిల్ల ఏడో నెలలో ఇక్కడే పుట్టింది. ఒళ్ళంతా నీరు, పొట్ట ఉబ్బిపోయి, మొహం తేరిపార చూడలేం. నర్సు గుడ్డ కప్పేసింది. రెండోవాడు మీ ఊళ్ళోనే, పెద్దాసుపత్రిలో పుట్టాడు. వాడూ అంతే. గంటసేపు ఉన్నాడు. నీకు కబురు చెయ్యలేదు, సిగ్గేసింది.

ఇక్కడి డాక్టరు "రక్తం తక్కువ" అని ఇనుము మాత్రలు రాస్తున్నాడు. నాలుగేళ్ళుగా మింగుతున్నా. కడుపు గట్టిపడ్డం తప్ప ఇంకేం లేదు. ఎదురింటి మిస్ సిస్లిన్ ఇది డప్పీ పని, దయ్యం పని అంటుంది. మొదటి పిల్లని సరిగ్గా సాగనంపలేదట, దాని నీడ ఈ ఇంట్లోనే తిరుగుతూ తర్వాతవాళ్ళని పిలుచుకుపోతోందట. నవ్వకు. నేను చీకటి పడ్డాక షాపు వెనక గుమ్మం వీపు తిప్పి దాటుతున్నాను, వెంట వచ్చేది ఏదైనా ఉంటే లోపలికి రాకుండా.

మా అత్త పద్ధతి వేరు. కడుపుతో మనిషి ఉన్న ఇంట్లో మేకు కొట్టకూడదు, మంచం జరపకూడదు. షాపులో ఉప్పుచేప ధర రాసిన పలక కూడా తాడుతో వేలాడుతోంది. నిన్న సారా జాడీ కడిగి ఎండబెట్టింది. జిగురు బియ్యం పులియబెట్టి, కాన్పయ్యాక నెలరోజులు బాలింతకి కోడిమాంసంతో వండిపెడతారే, ఆ సారా. పోయిన రెండుసార్లూ ఆ జాడీని బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు మొదట్లో వంచేసింది. జాడీ ఎండలో బోర్లించి ఉంటే చూడలేక లోపలికొచ్చి నీకు రాస్తున్నా.

నువ్వు ల్యాబులో రోజంతా రక్తమే చూస్తావు కదక్కా. నాది కూడా చూడు. నాకు భయంగా ఉంది.

వెల్మా

* * *

కింగ్‌స్టన్,
15 ఫిబ్రవరి

వెల్మా,

స్టాంపు చించాను. పక్షి బొమ్మది, నా దగ్గర లేదు.

కొండ మీద మాట గురించి ఇప్పుడు రాయను. నువ్వు అడిగింది రక్తం గురించి, దానికే జవాబు చెప్తాను.

ఇనుము మాత్రలు ఇవాళే ఆపెయ్. నీ కణాలు పుట్టుకతోనే చిన్నవి, గుర్రానికి పెట్టినంత ఇనుము పెట్టినా అవి పెరగవు. మీ డాక్టరుతో పోట్లాడకు, సరేనని తలూపి ఇంటికొచ్చి సీసా అటకెక్కించు.

మీ క్లినిక్ నర్సు చేత రెండు చిన్న గొట్టాల్లో రక్తం తీయించు. ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి పొద్దున్న బస్సు కండక్టరుకివ్వు. వాడికి లోపలున్నది మందని చెప్పు. రక్తమంటే చేతబడి ఏమోనని దారిలో వాగులో పారేస్తాడు. నేను బస్టాండులో నిలబడి తీసుకుంటాను. గొట్టం మీద పేరు పెన్సిలుతో రాయి, సిరా కరిగిపోతుంది.

మీ ఆయన ఫెర్డీ రక్తం కూడా కావాలి. నీ ఒక్కదానిదే చూస్తే సగం కథే తెలుస్తుంది. ఎందుకని అడక్కు, ముందు పంపు.

వీపు తిప్పి నడిచి ఏ డబ్బా మీదో పడకు. ముందుకే నడువు.

యూలలీ

* * *

ఆనోటో బే,
2 మార్చి

అక్కా,

ఫ్లాస్కు పంపాను. రెండు గొట్టాలు నావి, రెండు ఫెర్డీవి.

ఫెర్డీది తేవడానికి నేను పడ్డ పాట్లు రాస్తే ఇంకో కవరు కావాలి. అడగ్గానే మా అత్త మధ్యలో దూరింది. "వాడి రక్తంలో చూడ్డానికేముంది? పన్నెండు నిండిన రక్తం. మా ఊరూ, మీ నాన్న ఊరూ చైనాలో పక్కపక్క కొండలే, తెలిసి తెలిసి చేసుకున్నాం. లోటుంటే వచ్చినదాన్లోనే ఉంటుంది" అంది. వచ్చింది అంటే నేను. కౌంటరు దగ్గర పిండి కొలుస్తూ అందరి ముందూ అంది.

ఫెర్డీ వెనక్కి వెళ్ళి డబ్బాలు సర్దుకున్నాడు. నాకూ వాడి మీద కోపం రాలేదు, ఎందుకంటే పోయిన ఇద్దరినీ చెక్కపెట్టెలో పెట్టి మోసింది వాడే. చివరికి అబద్ధమాడాను. కాన్పుకి పెద్దాసుపత్రిలో చేరాలంటే ఇంట్లోవాళ్ళు ముందుగా రక్తం ఇవ్వాలి, గ్రూపు సరిపోతుందో లేదో చూస్తారు అన్నాను. అదెలాగూ అందరికీ తెలిసిన పద్ధతే కాబట్టి అత్త కూడా ఒప్పుకుంది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. రెండు వారాలుగా నా మనసులో అదే తిరుగుతోంది.

"నీ కణాలు పుట్టుకతోనే చిన్నవి" అని రాశావు. నేను రక్తం పంపింది ఇవాళ. నీకు పదిహేను రోజుల ముందే ఎలా తెలుసు?

వెల్మా

* * *

కింగ్‌స్టన్,
20 మార్చి

వెల్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించి మళ్ళీ మొదలుపెట్టాను. కూచుని చదువు. ఫెర్డీని పక్కన కూచోబెట్టుకో. మీ అత్తగారిని వద్దు.

ముందు రక్తం సంగతి. నీదీ ఫెర్డీదీ నీలం రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశాను. కొన్ని వేల కణాలు వెతికితే ఒకటి దొరుకుతుంది, ఒళ్ళంతా నీలం చుక్కలతో. నీలో దొరికింది. ఫెర్డీలోనూ దొరికింది. నమ్మకం చాలక మా పెద్ద డాక్టరు చేత ఇంకా లోతైన పరీక్ష చేయించాను. అదే తేలింది.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ పొడుగాటి దారాలు జతలు జతలుగా ఉంటాయనుకో. జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మనిషికీ మనిషికీ మధ్య ఆ దారాల్లో తేడాలు మామూలుగా చిన్నవి, ఒక అక్షరం మారినట్టు. మీ ఇద్దరిదీ అలాంటిది కాదు. ఒక జతలో ఒక దారానికి పెద్ద ముక్కే లేదు, కత్తిరించి కొసలు ముడేసినట్టు. రక్తానికి ఊపిరి మోసే బలం రావాలంటే ఆ ముక్క కావాలి. రెండో దారం బాగుంది కాబట్టి మీకేం కాలేదు, కణాలు చిన్నవయ్యాయి, అంతే. కానీ బిడ్డకి నీ నుంచీ కత్తిరించిన దారమే, ఫెర్డీ నుంచీ కత్తిరించిన దారమే వస్తే, ఆ గుండె మొయ్యలేని బరువు మోస్తుంది. ఒంటికి నీరు పడుతుంది. మొదటి పిల్లకి జరిగింది అదే అయ్యుంటుంది. రెండోవాడికి ఖాయంగా అదే.

ప్రతి కడుపూ నాలుగు చీట్ల ఆట. మూడు చీట్లలో బిడ్డ బతుకుతుంది. ఒక చీటీలో బతకదు. పోయినసారి ఏం వచ్చిందన్నదానితో ఈసారికి సంబంధం లేదు. డప్పీకీ లేదు, నీకూ లేదు.

ఆ ముక్క ఎందుకు పోయిందో కూడా డాక్టరు చెప్పాడు. మీ పెద్దల ఊళ్ళ కింద చిత్తడి నేలలు, చలిజ్వరం దోమలు. ఎప్పుడో ఎవరికో పొరపాటున ఆ ముక్క లేకుండా పుట్టడం జరిగింది. జ్వరం వచ్చి ఊరంతా ఊడ్చుకుపోయినా అలాంటివాళ్ళు ఎక్కువమంది మిగిలారట. మిగిలినవాళ్ళకే పిల్లలు, ఆ పిల్లలకే పిల్లలు. లేకపోవడమే వాళ్ళని కాపాడింది. ఒక్క దారంలో లేకపోతే కాపాడుతుంది, రెండిట్లోనూ లేకపోతే చంపుతుంది. మీవాళ్ళు సముద్రం దాటొచ్చాక కూడా పన్నెండు నిండినవాళ్ళని వెతికి వెతికి చేసుకున్నారు. ఆ నిండుతనంలోనే చిల్లు ఉందని ఎవరికి తెలుసు.

నా రక్తం కూడా చూసుకున్నాను. నాన్న నుంచి నాకు నిండు దారమే వచ్చింది. మా అమ్మ వైపు దారంలో వేరే ముక్క, చిన్నది, లేదు. మా అమ్మ పెద్దలు వచ్చిన ఖండంలోనూ ఆ దోమలే ఉన్నాయి మరి. కాబట్టి నేనూ పూర్తిదాన్ని కాను.

ఇక నువ్వడిగిన ప్రశ్న.

పెద్దాసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ బొడ్డు రక్తమూ మా ల్యాబుకే వస్తుంది, వేరే రక్త జబ్బు కోసం చూస్తాం. రెండేళ్ళ కిందట మార్చిలో ఒక గొట్టం నా బల్ల మీదకొచ్చింది. కరెంటు పెట్టి రక్తాన్ని పరిగెత్తించే పరీక్షలో దాని గీత మిగతావాటన్నిటినీ దాటి ముందుకి పోయింది. అలాంటిది పుస్తకంలో తప్ప చూడలేదు. చీటీ మీద పేరు చూశాను. నీ పేరు. కాగితాల్లో నీ రక్తం లెక్క కూడా ఉంది, కణాలు చిన్నవని.

నాకు ఆ రోజే అర్థమైంది. పెద్ద డాక్టరుకి చూపించాను, ఆయన వార్డుకి రాశాడు. ఆ కాగితం నీ దాకా రాలేదు. రాలేదని నాకు తెలుసు. నేను ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది. రాయలేదు.

ఎందుకో కూడా చెప్తాను, లేకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ మధ్యాహ్నం కొండ మీద నువ్వన్న మాట గుర్తొచ్చింది. పన్నెండు నిండినదాని రక్తంలోనే లోటుంది అనిపించి, సంతోషం వేసింది. ఒక్క మధ్యాహ్నం. సాయంత్రానికి నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ అప్పటికి రాయడానికి సిగ్గు అడ్డొచ్చింది. రేపు రాద్దాం, వచ్చేవారం రాద్దాం. అలా రెండేళ్ళు. ఈలోగా నువ్వు మళ్ళీ కడుపుతో ఉన్నావు, ఏమీ తెలియకుండా.

ఇక్కడికి రా. పొట్ట లోపల బిడ్డని చూపించే యంత్రం ఉంది. నీరు పడితే ముందే తెలుస్తుంది. అలాంటి కడుపు తల్లికి కూడా ప్రమాదం. నా మీద కోపం ఉంచుకునే రా.

యూలలీ

* * *

ఆనోటో బే,
26 ఏప్రిల్

యూలలీకి,

ఆ ఉత్తరమూ, దాని తర్వాత నువ్వు రాసిన రెండూ, మూడూ అందాయి. జవాబివ్వాలనిపించలేదు.

ఒక్క మధ్యాహ్నం అన్నావు. నేను లెక్క వేసుకున్నాను. ఆ మధ్యాహ్నం నేను మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, పాలు ఇంకిపోవడానికి రొమ్ముకి గుడ్డ బిగించుకుని పడుకుని ఉన్నాను. నువ్వు కింద ఉన్నావు. మెట్లెక్కితే చాలు.

నేను నిన్ను ఒక మాటన్నాను. నువ్వు మాట అనకుండా ఊరుకున్నావు. ఏది పెద్ద తప్పో నీ సూక్ష్మదర్శినిలో పెట్టి చూసుకో.

యంత్రం వద్దు. మూడు చీట్లు మంచివని నువ్వే రాశావు. నేను ఆ మూడిటినే పట్టుకుని కూచుంటాను.

వెల్మా

* * *

కింగ్‌స్టన్,
30 ఏప్రిల్

వెల్మా,

మెట్లెక్కితే చాలన్న మాట నిజం.

కానీ ఇది చదివి కోపంతో అవతల పారెయ్యకు. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పరిచి చూస్తున్నాను. ఫిబ్రవరిలో నీ అక్షరాలు చీమలబారు. ఒక పేజీలో ఊరంతా పట్టించేదానివి. మొన్నటి ఉత్తరంలో అక్షరాలు రెండింతలున్నాయి, గీత వంకర్లు పోయింది, నాలుగు చోట్ల పెన్ను జారింది. కోపం వల్ల అని మొదట అనుకున్నాను. నీకు కోపమొస్తే నొక్కి చిన్నగా రాస్తావు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా. ఇది కోపం కాదు.

నీ ఉంగరం వేలికి తిరుగుతోందా? చెప్పు కాలికి పడుతోందా? తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు ఉన్నాయా? బిడ్డకి నీరు పడితే ఒక్కోసారి తల్లి ఒళ్ళు కూడా అలాగే ఉబ్బుతుంది. రక్తపోటు పెరుగుతుంది. మూర్ఛలొస్తాయి. అలా పోయిన తల్లుల కాగితాలు నేను చూశాను.

నాకు భయంగా ఉంది వెల్మా. రాత్రింబగళ్ళు భయంగా ఉంది. మూడు చీట్లు పట్టుకుని కూచుంటే కూచో, కూచునేది ఇక్కడ కూచో. నేను నీ కంటికి కనపడకూడదంటే కనపడను. వేరేవాళ్ళ చేత చూపిస్తాను.

యూలలీ

* * *

ఆనోటో బే,
9 మే

అక్కా,

ఉంగరం తిరగట్లేదు. సబ్బు రాసినా రాలేదు. నిన్న ఫెర్డీ కౌంటరు సొరుగులోంచి తీగ కత్తిరించేది తెచ్చి కోసేశాడు. ఫెర్డీ చెప్పులే వేసుకుని తిరుగుతున్నాను. మెరుపులు ఇంకా లేవు. తలనొప్పి ఉంది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే నిజమైపోతుందని.

ఉంగరం ముక్కలు కౌంటరు మీద చూసి మా అత్త నిలబడిపోయింది. నా చెయ్యి పట్టుకుని వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. అది చూసి ఆవిడ మొహం మారిపోయింది. ఈ గుంట ఆవిడకి తెలిసినదే అని అప్పుడర్థమైంది.

"ఆ పదకొండు పిల్ల ఏం రాస్తోంది నీకు? అన్నీ చదువు" అంది.

షాపు తలుపులు వేసేసి, పిండి బస్తా మీద కూచోబెట్టి, అన్నీ చదివాను. దారం, ముక్క, దోమ, నాలుగు చీట్లు అన్నిటికీ హక్కాలో మాటలు వెతుక్కుంటూ. కొండ మీద నేనన్న మాట కూడా చదివాను. నీ మధ్యాహ్నం కూడా. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది. "ముక్క లేనిది వాడికి ఎవరి నుంచొచ్చింది?" అంది.

"మీ నుంచైనా, మామయ్య నుంచైనా, అత్తయ్యా. ఎవరి తప్పూ కాదని రాసింది."

"నాకు ముగ్గురు అలా పోయారు" అంది. "ఉబ్బి. ఫెర్డీకి ముందు ఇద్దరు, తర్వాత ఒకరు. చెట్టు కింద ఉన్నారు."

ఆ చెట్టు కిందే జాడీ వంచింది రెండుసార్లూ. నాకెప్పుడూ చెప్పలేదు. ఫెర్డీకీ తెలీదు.

తర్వాత చెప్పింది అక్కా, ఇది విను. మొదటి కడుపప్పుడు కొత్త షాపు, అలమర పడిపోతుంటే ఆవిడ ఒక మేకు కొట్టిందట. ఒక్క మేకు. మామయ్య ఇంట్లో లేడు, సరుకు పడిపోతుంది, ఏం చేస్తుంది. ఆ మేకే బిడ్డలో దిగిందని నలభై ఏళ్ళుగా అనుకుంటోంది. ఆ మేకు పీకి పారేసినా తర్వాతవాళ్ళని కూడా అదే తిందని. ఎవరితోనూ అనలేదు. నేను లోటు మనిషినని పదిమందిలో అనేది కూడా అందుకేనేమో, అనకపోతే లోటు తన మీదకే వస్తుందని.

"మేకు కాదంటావా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. కాదని మూడుసార్లూ చెప్పాను.

అప్పుడు లేచి, చెయ్యి జాకెట్టుకి తుడుచుకుని, "నా రక్తం కూడా ఫ్లాస్కులో పెట్టు. ఆ పిల్ల చూసి చెప్పాలి" అంది. ఫ్లాస్కు ఎందుకు, తనే వస్తోంది. మంగళవారం పొద్దున్న బస్సుకి ముగ్గురం వస్తున్నాం. ఈ ఉత్తరం సోమవారం టపాలో నీకు చేరకపోతే మేమే ముందు చేరతాం.

బస్టాండుకి రా. నిన్ను క్షమించానని కాదు. నాకు భయం వేసినప్పుడు చిన్నప్పట్నుంచీ నీ పక్కనే నిలబడేదాన్ని, ఇంకెక్కడ నిలబడాలో తెలీదు.

వెల్మా

* * *

ఆనోటో బే,
21 జూన్

అక్కా,

ఇంటికొచ్చి పదిరోజులైంది. కాళ్ళ వాపు తగ్గింది. నా చెప్పులు నేనే వేసుకుంటున్నాను.

ఆసుపత్రిలో జరిగిందంతా నువ్వు చూశావు, మళ్ళీ రాయను. ఆ తెర మీద బిడ్డ చుట్టూ నల్లగా కనిపించిన నీటి అంచు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనపడుతుంది. డాక్టరు నోరు తెరవక ముందే నీ చెయ్యి బిగుసుకుంది, దాంతో నాకు తెలిసిపోయింది. నాలుగో చీటీ. ఇంకో వారం ఆగి ఉంటే బిడ్డతో పాటు నేనూ పోయేదాన్నని ఆయన ఫెర్డీతో అన్నాడట. ఫెర్డీ దారంతా చిన్నపిల్లాడు అమ్మ గౌను పట్టుకున్నట్టు నా బ్యాగు పట్టీ పట్టుకుని కూచున్నాడు, పెద్దమనిషి.

ఆడపిల్ల. ఈసారి మొహం చూశాను. నువ్వు గుడ్డ తీసి చూపించకపోతే చూసేదాన్ని కాదు. దాని చెవులు మన నాన్నవి.

ఇంటికి రాగానే మా అత్త రెండు పనులు చేసింది. ముందు సుత్తి తీసుకుని కౌంటరు పైన గోడకి మేకు కొట్టింది. మూడు దెబ్బలు. పలకని తాడు మీంచి తీసి దానికి తగిలించింది. షాపులో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ అర్థం కాలేదు. నేను అల్లం సంచి వెనక కూచుని ఏడ్చాను.

తర్వాత జాడీ మూత తీసింది. చెట్టు దగ్గరికి తీసుకెళ్తుందనుకుని నేను మొహం తిప్పుకున్నాను. పొయ్యి మీద కోడి ఉడుకుతున్న వాసనొచ్చింది. గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "తాగు" అంది.

"బిడ్డ లేదుగా అత్తయ్యా" అన్నాను.

"కన్నదానివి నువ్వున్నావుగా. ఇది కన్నదాని కోసం వండేది. నాకెవరూ పెట్టలేదు" అంది.

రోజూ పెడుతోంది. నెల నిండేదాకా పెడుతుందట. నీకు ఒక సీసా పంపమంది. కండక్టరుకి మందని చెప్పి ఇస్తాను, నువ్వు నేర్పిన అబద్ధమే.

ఆ మధ్యాహ్నం నేను మర్చిపోలేదు. మర్చిపోతానని మాటివ్వను. కానీ నీ కళ్ళు నా అక్షరాలు చూడకపోతే నేను ఇప్పుడు అక్షరం రాసేదాన్ని కాదు. రెండూ నిజమే. రెండిటినీ ఎలా మొయ్యాలో ఇంకా తెలీట్లేదు.

మళ్ళీ కడుపొస్తే మొదటి మూడు నెలల్లోనే చూడొచ్చని, మాయలోంచి చిన్న ముక్క తీసి ఇంగ్లండు పంపి చూపించొచ్చని చెప్పావు. ఫెర్డీ ఆ మాట ఎత్తితే చాలు నేను లేచి షాపులోకి వెళ్ళిపోతున్నాను. ఇప్పుడే అడగొద్దని చెప్పు వాడికి.

అక్టోబరులో కొండకి రా.

వెల్మా

* * *

కింగ్‌స్టన్,
12 అక్టోబరు

వెల్మా,

నిన్న రాత్రి నిద్ర లేదు, అందుకే డ్యూటీకి వెళ్ళేముందు ఇది గీకి పారేస్తున్నాను.

కొండ మీద అంతా బాగానే జరిగింది. నాన్న సమాధి నేనే కడిగాను, ఎవరూ కాదనలేదు. మీ అత్తగారు నా చేతికి అగరొత్తులు ఇచ్చారు, నారింజలు పెట్టించారు. కానీ తిరిగి వచ్చేటప్పుడు, పందిరి కింద పంది రోస్టు కోస్తున్నచోట, ఆ తెల్ల టోపీ ముసలావిడ లేదూ, మూడేళ్ళ కిందట నిన్నడిగినావిడే, నా వైపు గడ్డం ఎగరేసి మీ అత్తగారిని ఏదో అడిగింది. హక్కాలో. నాకు ఒక్క మాటే తెలిసింది. పదకొండు.

మీ అత్తగారు కత్తి పట్టుకునే ఏదో జవాబిచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగారు. నువ్వు తల దించుకున్నావు. నీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నావో ఏమిటో, వెనకనుంచి తెలియలేదు. బస్సు టైమైపోయి నేను వచ్చేశాను.

నలభై ఏళ్ళకి దగ్గర పడుతున్నాను, ఆ మాటకి ఇప్పటికీ చేతిలోవి పడేసి కొండ దిగిపోవాలనిపిస్తుంది. ఆవిడ ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని మార్చి రాయకు. దాచిపెడితే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు.

యూలలీ

* * *

ఆనోటో బే,
16 అక్టోబరు

అక్కా,

నేను ఏడవలేదు. నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాను.

ఆ తెల్ల టోపీ ముసలావిడ అడిగింది నువ్వు విన్నదే. "ఈ పిల్ల పదకొండే కదూ, మీ వరసలో నిలబడిందేం?" అంది.

మా అత్త పంది చర్మం కోస్తూ, తలెత్తకుండా, ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇలా అంది:

"టైమెంతో నాకు తెలీదమ్మా, నా గడియారం ఎప్పుడో ఆగిపోయింది. అది మా కోడలి అక్క. జరుగు, ముందు దానికి పెట్టాలి."

వెల్మా